ఉప్పు గాలిలో బోన్‌విల్: కొనే ముందు, కోసే ముందు

ముందు ఇక్కడ అడిగిన తమ్ముడి ప్రశ్న రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఉండేది వైజాగ్ సాగర్‌నగర్, సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 2015 మోడల్ ట్రయంఫ్ బోన్‌విల్ టీ100 బైక్ అమ్మకానికి ఉంది. 22 వేల కిలోమీటర్లు తిరిగింది, నాలుగున్నర లక్షలు చెబుతున్నాడు. కొనొచ్చా? కొన్నాక సైలెన్సర్లు మార్చి, వెనక ఫ్రేము కోయించి కెఫే రేసర్ (పాతకాలపు రేసు బండి రూపం, ఒంటి సీటు) చేయిద్దామనుకుంటున్నాను, ఏమంటారు? ఇదీ ప్రశ్న. చివర్లో అసలు కోరిక బయటపెట్టాడు: "మా ఫ్రెండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ సౌండ్ ఉంటుంది చూడండి, అలా రావాలి."

నువ్వు అనే రాస్తాను తమ్ముడూ, ఏమీ అనుకోకు, మా పెద్దవాడిది నీ వయసే. అదే బండి నా దగ్గర 2015 నుంచీ ఉంది, కొత్తదే కొన్నాను. ఓడల మరమ్మతు పనిలో ముప్ఫై ఏళ్లు ఉన్నాను కాబట్టి, బండి గురించి ఎవరేం అడిగినా నేను ఉప్పు దగ్గరికే వస్తానని మావాళ్లు ఏడిపిస్తారు. వస్తాను కూడా. కానీ ముందు సౌండ్ సంగతి తేల్చేద్దాం, నీ డబ్బులో సగం అక్కడే పోయేలా ఉంది.

నువ్వు చూసింది గాలితో చల్లబడే 865 సీసీ ఇంజిన్. దాంట్లో రెండు పిస్టన్లూ జంటగా పైకి లేస్తాయి, జంటగా దిగుతాయి. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరిగితే ఒక సిలిండర్ పేలుతుంది, ఇంకో చుట్టుకి రెండోది. అంటే ప్రతి 360 డిగ్రీలకీ ఒక దెబ్బ, ఎడం తేడా లేకుండా. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో చెరో రోకలితో వంతులవారీగా దంచుతుంటే ఎలా ఉంటుంది? దం, దం, దం, దం. అదీ ఈ బండి. మీ ఫ్రెండ్ ఇంటర్‌సెప్టర్ 650 క్రాంకు 270 డిగ్రీలది. ఒక దెబ్బ పడ్డాక 270 డిగ్రీలకే రెండోది పడుతుంది, తర్వాత 450 డిగ్రీలు ఖాళీ. రోటి దగ్గర రెండో ఆవిడ తొందరపడి ముందే ఒక పోటు వేసేసి, ఆ తర్వాత కొంగు సర్దుకుంటున్నట్టు: దడం... దడం... దడం. ఈ తేడా పుట్టేది క్రాంకులో. సైలెన్సర్ ఆ శబ్దాన్ని పెంచగలదు, తగ్గించగలదు, కాస్త బొంగురు చేయగలదు. లయ మార్చలేదు. ఎంత ఖరీదైన పైపులు తెచ్చి బిగించినా దం దం అనే అంటుంది, ఇంకాస్త గట్టిగా.

ఆ దడం దడం లేకపోతే నిద్రపట్టదంటే 2016లో వచ్చిన వాటర్‌కూల్డ్ బోన్‌విల్స్ చూడు. 900 సీసీ స్ట్రీట్ ట్విన్, 1200 సీసీ టీ120, రెండిటికీ 270 క్రాంకే. స్ట్రీట్ ట్విన్‌కి తక్కువ ఆర్‌పీఎంలోనే 80 న్యూటన్ మీటర్ల లాగుడు వస్తుంది. మనది 68, అది కూడా ఇంజిన్‌ని కాస్త పరిగెత్తిస్తేనే. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో నా బండి కంటే అది హాయిగా పోతుంది, ఒప్పుకోవాలి. లేదా నువ్వూ ఇంటర్‌సెప్టరే కొనుక్కో, చెన్నైలో తయారయ్యే బండి కాబట్టి స్పేర్ల కోసం ఎదురుచూపులు తక్కువ. కానీ పాత ఇంగ్లిష్ ట్విన్ (జంట సిలిండర్ల బండి) శబ్దం అంటే మాత్రం ఈ దం దమ్మే. ఎడ్వర్డ్ టర్నర్ డిజైన్ చేసిన 1937 నాటి స్పీడ్ ట్విన్‌దీ, 1959 నాటి మొదటి బోన్‌విల్‌దీ 360 క్రాంకే. ఇది నచ్చినవాడే ఈ బండి కొనాలి.

ఇక ఉప్పు. బోన్‌విల్ అన్న పేరే ఉప్పుది, తెలుసా? అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉన్న ఉప్పు మైదానం అది. 1956లో జానీ ఆలెన్ అనే ఆయన చుట్టలా పొడుగ్గా ఉన్న ఒక బండిలో 650 సీసీ ట్రయంఫ్ ఇంజిన్ పెట్టి ఆ ఉప్పు నేల మీద గంటకి 214 మైళ్లు, అంటే దాదాపు 345 కిలోమీటర్ల వేగంతో పోయాడు. ఆ పేరే తర్వాత బండికి పెట్టారు. అలా ఉప్పు పేరు పెట్టుకున్న బండికి మన ఊళ్లో ఉప్పే యముడు.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ఇనుముని పెద్దగా ఏమీ చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే అది గాలిలోని నీరు పీల్చుకుని దానంతటదే తడుస్తుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం చూసే ఉంటావు, అదే సంగతి. సాగర్‌నగర్‌లో రాత్రంతా బండి మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర ఉంటుందనుకో. నువ్వు బీచ్ రోడ్డు మీద ఒక్కసారి కూడా తిరగకపోయినా, పార్కింగ్‌లో నిలబెట్టిన బండికే తుప్పు పడుతుంది. ఈ తడి కవరు కింద ఇరుక్కుంటే మరీ నాశనం. ప్లాస్టిక్ కవరు వేసేకంటే బండి నగ్నంగా ఉండడమే నయం. గుడ్డ కవరు వేసుకో, బండి పూర్తిగా ఆరాకే వేసుకో. అపార్ట్‌మెంట్‌లో సముద్రం వైపు కాకుండా లిఫ్ట్ వెనకో, గోడ చాటునో చోటు దొరుకుతుందేమో సెక్రటరీగారిని బతిమాలు. నన్నడిగితే మొదటి మోడిఫికేషన్ ఆ పార్కింగ్ చోటే.

భీమిలి దాకా వెళ్లొచ్చిన రోజు ఎంత రాత్రయినా బకెట్ మంచినీళ్లతో మెల్లగా కడిగి, పాత తువ్వాలుతో తుడిచి పడుకో. ప్రెషర్ వాటర్ పెట్టించకు, అది ఉప్పుని తోసుకెళ్లి బేరింగుల్లో కూర్చోబెడుతుంది. పదిహేను రోజులకోసారి తుప్పు పట్టనివ్వని లానోలిన్ స్ప్రే ఫ్రేము కింద, స్పోకుల మొదళ్లలో, సెంటర్ స్టాండు కీలు దగ్గర కొట్టు. బ్రేకు డిస్కు మీదా టైరు మీదా పడనివ్వకు. క్రోముకి చుక్కలు వస్తే కంగారుపడి ఉప్పుకాగితంతో రుద్దకు. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చిన్న ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దితే తుప్పు పోతుంది, క్రోముకి గీత పడదు. తర్వాత మైనం పట్టించు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. 2016లో బండికి అందం వస్తుందని స్టెయిన్‌లెస్ బోల్టుల కిట్ తెప్పించి, ఇంజిన్ కవర్లకి ఉన్న బోల్టులన్నీ మార్చేశాను. తళతళా మెరిసింది. రెండేళ్ల తర్వాత ఆల్టర్నేటర్ కవరు ఊడదీయాల్సి వచ్చింది. మొదటి రెండు బోల్టులు వచ్చాయి. మూడోది పావు చుట్టు తిరిగి, చేతికి మెత్తగా తగిలింది. స్పానర్ పట్టినవాడికి ఆ మెత్తదనం తెలిస్తే గుండె జారుతుంది. ఆపేసి ఉండాల్సింది, ఆపలేదు. టక్కుమని తల ఊడి చేతిలోకి వచ్చింది. వచ్చిన రెండు బోల్టుల మరల నిండా విభూతిలా తెల్లటి పొడి. అది అల్యూమినియం చనిపోయిన గుర్తు. స్టెయిన్‌లెస్సూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో ఉప్పునీరు ఉంటే అది చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీలో ఎప్పుడూ అరిగేది అల్యూమినియమే. ఓడల మీద ముప్ఫై ఏళ్లు ఇదే పాఠం కుర్రాళ్లకి చెప్పి, నా సొంత బండి దగ్గరికి వచ్చేసరికి మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు రాయడానికి బద్ధకించాను. ఆటోనగర్‌లో ఒక లేత్ పనివాడు సగం రోజు కూర్చుని విరిగిన ముక్కని డ్రిల్ చేసి తీసి, హెలికాయిల్ (మర కోసం కూర్చోబెట్టే తీగచుట్ట) వేసి కొత్త మర కట్టాడు. ఆయన చెయ్యి మంచిది కాబట్టి క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ గుల్ల, మిగిలింది.

అందుకని బోల్టులు మార్చాలనిపిస్తే, ప్రతి మరకీ యాంటీ సీజ్ పేస్టు రాసే ఓపిక ఉంటేనే మార్చు. పేస్టు రాసినప్పుడు మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (బిగించే బలం) మొత్తం పెట్టకు, కొంచెం తక్కువ పెట్టు. మర జారుడుగా ఉంటుంది కాబట్టి అదే టార్క్‌కి బోల్టు మరీ ఎక్కువ బిగుస్తుంది. నిజానికి కంపెనీ బోల్టులకే ఏడాదికోసారి ఒక్కొక్కటీ విప్పి, పేస్టు రాసి బిగించుకుంటే చాలు. మెరుపు రాదు, విరగడమూ ఉండదు.

హైదరాబాద్ బండి కావడం నీ అదృష్టం. అక్కడి పొడి గాలిలో పెరిగిన పదేళ్ల బండి మన ఊళ్లో నాలుగేళ్ల బండి కంటే శుభ్రంగా ఉంటుంది. ఒక్కటి కనుక్కో: ఆయన కంటే ముందు యజమాని ఎవరు, ఏ ఊరు? మధ్యలో ఎక్కడో చెన్నైలోనో మన దగ్గరో ఉండి వచ్చిందేమో చూడాలి. నోటిమాట వద్దు, బండే చెబుతుంది. టీ100 ముందు ఫోర్కులకి (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకు గొట్టాలకి) హార్మోనియం తిత్తిలాంటి రబ్బరు గేటర్లు ఉంటాయి. వాటి క్లిప్పు వదులు చేసి పైకి జరిపి చూడు. చూడ్డానికి అందంగా ఉంటాయిగానీ లోపల తడిని దాచుకుంటాయి, ఫోర్కు ట్యూబు మీద సూదిమొనంత గుంతలు పడినా బయటికి కనపడదు. ఆ గుంతలు ఆయిల్ సీలుని కోస్తాయి, నువ్వు సీళ్లు మారుస్తూనే ఉంటావు. తర్వాత స్పానర్‌తో ఒక్కో స్పోకునీ తట్టు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైందీ తుప్పు తిన్నదీ డబ్‌మంటుంది.

22 వేలు తిరిగింది అన్నావు, అసలు అడగాల్సిన ప్రశ్న అక్కడుంది. ఈ ఇంజిన్‌కి 20 వేల కిలోమీటర్ల దగ్గర వాల్వు క్లియరెన్సులు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీలు) కొలవాలి. కొలిచారా, బిల్లు ఉందా? చాలామంది "టాపెట్ సౌండ్ ఏమీ లేదు సార్, ఎందుకు విప్పడం" అంటారు. తప్పు. ఇలాంటి ఇంజిన్లలో వాల్వు సీట్లోకి అరిగేకొద్దీ ఖాళీ పెరగదు, తగ్గుతుంది. ఖాళీ తగ్గితే శబ్దం కూడా తగ్గుతుంది. ఖాళీ పూర్తిగా పోయిన రోజు వాల్వు సరిగ్గా మూసుకోక కాలుతుంది. కాబట్టి ఎనిమిది వాల్వుల ఇంజిన్ మరీ నిశ్శబ్దంగా ఉంటే సంతోషించకు. సర్దుబాటుకి స్క్రూ ఉండదు, వాల్వు మీద టోపీలా ఉండే బకెట్ మీద కూర్చునే షిమ్ అనే సన్నటి బిళ్ల మార్చాలి, కొలత ప్రకారం తెప్పించాలి. మన బుల్లెట్ మెకానిక్కులు ఎంత మంచివాళ్లయినా ఈ పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించు. కొలతలు కాగితం మీద రాయించుకో, వచ్చేసారి పనికొస్తుంది. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమను.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. హెడ్‌లైట్ గిన్నె ఉందే, అది ఖాళీ గిన్నె కాదు. ముందువైపు వైర్ల కనెక్టర్లు చాలావరకు దాంట్లోనే కుక్కి ఉంటాయి. రిమ్ విప్పి లైటు ముందుకు లాగి చూడు. పిన్నులు ఇత్తడి రంగులో ఉంటే మంచిది, ఆకుపచ్చ చిలుము కనపడితే రేపు ఇండికేటర్, ఎల్లుండి హారన్, ఆ తర్వాత అర్ధరాత్రి తగరపువలస దగ్గర బండి ఆగిపోవడం. ఏ బండి కొన్నా వైజాగ్ తెచ్చిన వారంలో ఒక ఆదివారం కూర్చుని, ఒక్కో కనెక్టరూ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, తేమ చొరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టి మూసెయ్యి. విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకో, లేకపోతే మళ్లీ అన్నీ ఆ గిన్నెలో పట్టవు. నాకు మొదటిసారి పట్టలేదు. మా ఆవిడ ట్రంకుపెట్టెలో చీరలు సర్దే నేర్పుతో సర్దిపెట్టింది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. తెలంగాణ నుంచి ఎన్ఓసీ రావాలి, ఫైనాన్స్ ఉంటే తీరి ఉండాలి, చలాన్లు కట్టి ఉండాలి. ఏడాది లోపు ఇక్కడ ఏపీ నంబరు తీసుకోవాలి, బండి వయసుని బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అది బేరంలో లెక్కేసుకో, చాలామంది మర్చిపోయి తర్వాత తల పట్టుకుంటారు. 2015 బండి కాబట్టి 2030లో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తుంది. అప్పుడు బండిని ఎదురుగా నిలబెట్టి చూస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకో, ఫ్రేము కోత దగ్గర మళ్లీ వస్తుంది.

అమ్మే ఆయన్ని ఒరిజినల్ భాగాల పెట్టె అడుగు. సైలెన్సర్లు, అద్దాలు, ఇండికేటర్లు, వెనక మడ్‌గార్డు, రెండో తాళం చెవి. ఇవన్నీ జాగ్రత్తగా దాచినవాడు బండిని కూడా జాగ్రత్తగానే చూసుకుని ఉంటాడు. "పడేశాను" అన్నాడంటే నేనైతే ఇంకో రెండుసార్లు ఆలోచిస్తా.

సరే, కొన్నావు. డబ్బు ఎక్కడ పెట్టాలి? సస్పెన్షన్ మీద. ఈ బండిలో కంపెనీ పొదుపు చేసింది అక్కడే అని నా అభిప్రాయం, ప్రపంచంలో ఈ బండి నడిపేవాళ్లలో చాలామంది ఇదే అంటారు. ముందు ఫోర్కు మెత్తన, బ్రేకు పడితే ముక్కు దించేస్తుంది. వెనక షాకులు చిన్న గతుకులకి కొడతాయి, పెద్ద గుంతలకి అడుగంటుతాయి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక చక్రం పక్కకి గంతు వేసినట్టు ఉంటుంది. దాంతో సౌండ్ గురించీ అందం గురించీ మర్చిపోతావు.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. బండి సెంటర్ స్టాండు మీద పెట్టి ముందు చక్రం నేలకి తగలకుండా లేపించు. చక్రం యాక్సిల్ నుంచి కింది ట్రిపుల్ క్లాంపు (హ్యాండిల్ కింద ఫోర్కులని పట్టుకునే దిమ్మె) దాకా టేపుతో కొలువు. తర్వాత నువ్వు హెల్మెట్, జాకెట్‌తో సహా ఎక్కి కూర్చో, ఎవరైనా బండిని నిటారుగా పట్టుకోవాలి, మూడోవాళ్లు మళ్లీ కొలవాలి. ముందు సస్పెన్షన్ మొత్తం కదలిక 120 మిల్లీమీటర్లు. నువ్వు కూర్చున్నప్పుడు 35, 40 మిల్లీమీటర్లు కుంగితే సరి. 50 దాటితే స్ప్రింగు నీ బరువుకి చాలదు. నేను 84 కిలోలు, నాది బాగా దాటింది. కుంగేకొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు వేయించి, ఫోర్కు ఆయిల్ మార్పించాను. బ్రేకు పట్టినప్పుడు బండి దణ్ణం పెట్టడం మానేసింది. వెనక వాటికి ఐకాన్, హాగన్, వైఎస్ఎస్ లాంటివాళ్లు ఈ మోడల్‌కే చేసే షాకులు ఉన్నాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు నీ బరువు, వెనక ఎవరైనా కూర్చుంటారా లేదా నిజాయితీగా చెప్పు. పొడవు మాత్రం పాతదానికి సమానంగా తీసుకో, ఎత్తు పెరిగితే స్టాండు దగ్గర నుంచి స్టీరింగ్ దాకా అన్నీ మారతాయి.

టైర్లు స్పోకు చక్రాల మీద ట్యూబువి. ముందు 19 అంగుళాలు, వెనక 17. ఘాట్‌లో పంక్చరైతే తోపుడే గతి కాబట్టి రెండు సైజుల ట్యూబులు, టైరు లీవర్లు, యాక్సిల్ నట్టుకి సరిపోయే స్పానర్, చిన్న పంపు పెట్టుకోకుండా అరకు వైపు బయల్దేరకు. ఇంటి దగ్గర ఒకసారి వెనక చక్రం నువ్వే విప్పి బిగించి చూడు. 230 కిలోల బండి అది, మొదటిసారి నేర్చుకునే చోటు ఘాట్‌లోని గాలికొండ కాకూడదు.

సీటు: మన సీటు కవర్ల కొట్టువాళ్లే మంచి ఫోమ్ వేసి ఇస్తారు, పాత కవరు దాచుకో. హెడ్‌లైట్: హెచ్4 బల్బు హోల్డర్‌లో చౌక ఎల్ఈడీ దూర్చకు, వెలుతురు ఎదుటివాడి కళ్లలో పడుతుంది తప్ప రోడ్డు మీద పడదు. హ్యాండిల్: ఫోర్కులకే బిగిసే కింది క్లిప్-ఆన్‌లు ఫోటోకి బాగుంటాయి. హనుమంతవాక నుంచి ఎన్ఏడీ దాకా ఆఫీసు టైంలో వెళ్లి మణికట్లు ఏమన్నాయో నువ్వే చెప్పు.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఈ బండి పుట్టినప్పుడు దాన్ని ఊహించలేదు. ఇథనాల్ గాలిలో తేమ పీలుస్తుంది, ట్యాంకు ఇనుము. కాబట్టి ఊరెళ్తూ నెల రోజులు బండి ఆపేస్తుంటే ట్యాంకు నిండా పోయించి వెళ్లు, లోపల గాలికి చోటు ఉండకూడదు. పదేళ్ల రబ్బరు ఫ్యూయల్ పైపులు ఎలాగూ మార్చాల్సినవే, ఇథనాల్‌కి తట్టుకునేవి అడిగి వేయించు.

ఇన్ని చెప్పినా నీ మనసు సైలెన్సర్ మీదే ఉంటుందని తెలుసు, నాకూ ఆ వయసు ఉండేది. ఈ బండిలో కార్బ్యురేటర్లలా కనిపించేవి కార్బ్యురేటర్లు కావు, పాత రూపం కోసం అలా చేసిన థ్రాటిల్ బాడీలు. లోపల ఫ్యూయల్ ఇంజెక్షన్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఎగ్జాస్ట్ పైపుల్లో ఆక్సిజన్ సెన్సర్లు. పొగని అడ్డులేకుండా వదిలే ఫ్రీ ఫ్లో పైపు పెడితే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతుంది. నెమ్మదిగా ఒకే వేగంలో పోతున్నప్పుడు సెన్సర్ సర్దుకుంటుంది, థ్రాటిల్ గట్టిగా తిప్పినప్పుడు సర్దుకోలేదు. అసలే గాలితో చల్లబడే ఇంజిన్, మే నెల ఎండలో అది ఇంకా వేడెక్కుతుంది. ట్యూన్‌ఈసీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈసీయూలోని పెట్రోలు లెక్క (మ్యాప్) మార్చుకోవచ్చు, తెలిసినవాళ్లు చేస్తే బాగానే ఉంటుంది. తెలియనివాడు లోడింగ్ మధ్యలో కేబుల్ పీకితే ఈసీయూ రాయి అవుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే పటపట కూడా కొందరికి ముద్దు. ఎగ్జాస్ట్‌లోకి అదనపు గాలి పంపే ఏర్పాటు ఒకటుంది, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆ గాలి తగిలి పైపులో పేలుతుంది. అది పవర్ కాదు, వృథా.

చట్టం సంగతి సూటిగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణ తర్వాత అలా మార్చినందుకు యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, శబ్ద కాలుష్యానికి 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు పోవడం రాసి ఉన్నాయి. పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించే ఫోటోలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. తెల్లారి ఐదింటికి ఆర్కే బీచ్‌లో నడిచే పెద్దవాళ్లలో నేనూ ఒకణ్ణి, నా మనసు పోలీసుల వైపే ఉంటుంది, చెప్పేస్తున్నా.

ఇక ఫ్రేము కోత. వెనక సీటు కింద ఉన్న పైపులు కోసేసి, గుండ్రటి లూపు వెల్డింగ్ చేసి, చిన్న సీటు పెట్టడం అందరూ చేస్తున్నదే. ఆ పైపుల దగ్గరే పై షాకు మౌంటు ఉంటుంది. ఎక్కడ కోయాలో ఒక్క అంగుళం తప్పు లెక్కేస్తే, వెనక చక్రం బరువు మోసే చోటికే వేడి తగులుతుంది. ఇక్కడ వెల్డింగ్ చేసినచోట రంగు లోపలివైపు పట్టదు, పైపు లోపల తుప్పు మొదలవుతుంది, పైన నల్లగా మెరుస్తూనే ఉంటుంది. ఓడల్లో ఇలాంటి పైపుని సుత్తితో కొట్టి వినేవాళ్లం. బండి పైపుని ఎవరు కొట్టి చూస్తారు? 2030లో రెన్యువల్ రోజున ఆ బండి ఆర్సీలో ఉన్న బండి కాదు. అమ్మబోతే కొనేవాడు సగం ధర అడుగుతాడు. నీకు కెఫే రేసర్ రూపమే కావాలంటే ఉన్న మౌంట్లకే బోల్టులతో బిగిసే ఒంటి సీటు కౌల్స్ (తొడుగులు) ఉన్నాయి, ఉన్న సీటు తీసి అది పెట్టుకో, ఆదివారం సాయంత్రానికి మళ్లీ మార్చుకోవచ్చు. స్పానర్‌తో తిరిగి విప్పగలిగిన పని ఏదైనా చెయ్యి, గ్రైండర్ అవసరమైన పని ఏదీ చెయ్యకు.

చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్లు. ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని ఆయనకి చెప్పు, వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. చల్లటి బండి ఒక్క నొక్కుకి అందుకుని, రెండు సైలెన్సర్ల నుంచీ ఒకే తీరుగా దం దమ్మని ఊపిరి రావాలి. రెండు ఎగ్జాస్ట్ పైపులూ దాదాపు ఒకేసారి వేడెక్కాలి, నీళ్ల చుక్కలు జల్లి చూడు. ఆ తర్వాత హెడ్‌లైట్ రిమ్ విప్పనిస్తాడేమో మర్యాదగా అడుగు. గేటర్ల కింద ఒకటి, గిన్నెలో కనెక్టర్లది ఒకటి, ఆల్టర్నేటర్ కవరు బోల్టులది దగ్గరగా ఒకటి, మూడు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. చిలుము ఎంతుందో చూసి ధర ఎంత దించమనాలో చెబుతాను.